ఖాళీ లారీ తూకం

మా బావ లారీ కొన్నది డబ్బు మీద ఆశతో కాదు, నడుం పట్టేసి. ఈ ముక్క ముందే చెప్పకపోతే, తర్వాత మేము చేసిన పనులు చూసి వీళ్ళకు వ్యాపారం పిచ్చి పట్టిందనుకుంటారు. పిచ్చి పట్టిన మాట నిజమే గాని, అది వ్యాపారం పిచ్చి కాదు.

పందొమ్మిది వందల ఇరవైల నాటి సంగతి. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. విశాఖపట్నంలో స్టీమరెక్కి రంగంలో దిగినవాళ్ళలో సగం మంది పజుండౌంగ్ మిల్లుల్లో బియ్యం బస్తాలు మోసేవారు. మిగతా సగం ఆ బస్తాలనే చేతిబండ్ల మీద రేవుకి లాగేవారు. మా అక్క మొగుడు లాగే సగంలోని మనిషి. నేను మొయ్యలేక, లాగలేక, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని ఒక కలప అడితిలో గుమాస్తాగా చేరాను. బావ, అక్క, నేను, మా అమ్మ, నలుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

ఒక వానాకాలం బావ బండి బురదలో జారింది. బస్తాలు పడలేదు గాని బావ పడ్డాడు. ఏటి అవతల దలా నుంచి పడవ మీద వచ్చే కట్టువైద్యుడు ఏదో ఆకుపసరు పూసి, ఇంకొక్కసారి బండి లాగితే మంచం మీంచి లేవడని చెప్పి వెళ్ళిపోయాడు. బండి లాగకపోతే బావకు రంగంలో వేరే పని లేదు. తిరుగు స్టీమరెక్కాలి. ఎక్కి పోవడానికి ఊళ్ళో మాకు గుడిసె కూడా మిగల్లేదు.

అప్పుడు తోచింది బావకు లారీ. ఊరి బయట మింగళాడోన్‌లో దండు వాళ్ళు, అంటే పటాలం వాళ్ళు, పాత లారీలు వేలం వేస్తున్నారని ఎవరో చెప్పారు. అక్క చేతి గాజులు తీసి ఇచ్చింది. ఇచ్చాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. లారీ ఇంటి ముందుకొచ్చాక, దాన్ని చూసి, నాలుగో రోజు మాట్లాడింది. ఆ మాటలు ఇక్కడ రాయను.

దాన్ని లారీ అనడం మా మర్యాద. చక్రాలకు గాలి లేదు, గట్టి రబ్బరు. ముందున్న హ్యాండిలు తిప్పితే ఒక పట్టాన లేచేది కాదు, లేస్తే ఒక పట్టాన ఆగేది కాదు. అయినా బావ దాని చుట్టూ కొత్త పెళ్ళికొడుకులా తిరిగాడు. మిల్లు మేనేజరు కూడా మాటిచ్చాడు. కొత్త ధాన్యం మిల్లుకు వచ్చేనాటికి లారీ కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ఆ ఏటి రవాణా బావదే. ఒక్క కాగితం తక్కువైనా ఇంకొకళ్ళది.

కాగితాల పని నా నెత్తిన పడింది. మోటారు బళ్ళ ఆఫీసులో అడగాల్సినవన్నీ అడిగి ఇంటికొచ్చేసరికి నాకే జ్వరం వచ్చినట్టయింది. ముందొక నంబరు పలక, వెనకొక నంబరు పలక. రెండు బ్రేకులుండాలి, ఒకటి పోతే ఇంకొకటి పని చెయ్యాలి. మాకున్న ఒక్క బ్రేకే మనసైతే పని చేసేది. దీపాలు, హారను, తోలేవాడికి లైసెన్సు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఖాళీ లారీ ఎంత బరువో తూచి, ఆ అంకె లారీ పక్కన తెల్లరంగుతో రాయించాలట. దాన్నిబట్టే ఎన్ని బస్తాలు వెయ్యొచ్చో వాళ్ళు కట్టడి చేస్తారు.

లైసెన్సు పరీక్షలో బావ తప్పబోయి తప్పలేదు. ఆయన చేతిబండి లాగిన మనిషి. దారిలో ఎవరైనా అడ్డొస్తే నోటితో అరవడమే అలవాటు. పక్కన ఆఫీసరు కూర్చునుండగా, తెలుగులోనూ, బర్మా భాషలోనూ, హిందుస్తానీలోనూ తప్పుకోమని అరుస్తూ రోడ్డంతా తోలాడు. హారను ఎందుకు నొక్కవని ఆఫీసరు అడిగితే, నొక్కితే ఎవరూ వినరండీ అన్నాడు. అది నిజమే. ఆఫీసరు నొక్కి చూసి, అది చేసిన చప్పుడు విని, హారను మార్చమని రాసి లైసెన్సు ఇచ్చేశాడు.

ఇక తూకం. మిల్లు గేటు దగ్గర బళ్ళను తూచే కాటా ఉండేది. మర్నాడు పొద్దున్నే లారీ తీసుకెళ్ళి తూయించుకు రావాలని నేనూ బావా అనుకుంటుంటే, అమ్మ తలుపు వెనక నుంచి దగ్గింది.

ఇక్కడ అమ్మ గురించి చెప్పాలి. మా వైపు అత్తగారు అల్లుడి ఎదట పడకూడదు, అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు. అమ్మ ఆ నేమం ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో, రెండు గదుల్లో పాటించింది. బావకు ఏదైనా చెప్పాలంటే అక్కకు చెప్పేది, అక్క లేకపోతే నాకు, నేనూ లేకపోతే గోడకు. లారీ వచ్చాక గోడకు తీరిక దొరికింది. బావకు చెప్పాల్సినవన్నీ లారీకి చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా ఎల్లు తల్లీ, వానలో తిరక్కమ్మా అని లారీకి బుద్ధులు చెబుతుంటే, బావ పక్కనుంచి బుద్ధిగా తలూపేవాడు.

ఆ రోజు అమ్మ చెప్పిందేమిటంటే, కొత్త బండి మొదటిసారి గడప ముందునుంచి ఖాళీగా కదలకూడదు. ఖాళీగా వెళ్ళినది ఖాళీగానే తిరిగొస్తుంది. ఈ మాట కాదనడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. ఇరుగుపొరుగు ఇళ్ళలో అడిగినా ఇదే చెప్పేవారు. అందుకని ఒక బస్తా బియ్యం ఎక్కించాం. ఒక గుమ్మడికాయ, ఉప్పు జాడీ ఎక్కించాం. అవి దొర్లకుండా పట్టుకోవడానికి, ముత్తయిదువును పంపితే మంచిదేగాని అక్కకు ఆ వేళ జ్వరం, కాబట్టి తాను విధవైనా తప్పదని గొణుక్కుంటూ అమ్మే ఎక్కింది. అల్లుడి పక్కన కూర్చోకూడదు కనుక వెనక, టార్పాలిను కింద, వీపు ఇటు తిప్పి కూర్చుంది.

కాటా దగ్గర మనిషి అడిగాడు, బండి ఖాళీయేనా అని.

"ఖాళీయే," అన్నాను నేను.

అబద్ధం ఆడాననుకోకండి. ఆ పూట నన్ను గుళ్ళో నిలబెట్టి అడిగినా అదే చెబుదును. సరుకంటే ఎవరో కూలి ఇచ్చి వేయించుకునేది. శుభానికని వేసుకున్నది సరుకెలా అవుతుంది? బొట్టు పెట్టుకున్నంత మాత్రాన ముఖం బరువెక్కుతుందా? ఇక అమ్మ సంగతంటారా, అమ్మను సరుకని ఎవడంటాడు? బావా అలాగే అనుకున్నాడు. కాటా మనిషి చీటీ రాసిచ్చాడు, ఆఫీసు వాళ్ళు చీటీ చూసి కాగితం రాసిచ్చారు, రంగులేసేవాడొచ్చి లారీ పక్కన అంకె రాశాడు. ఆ అంకె చూసుకుని మేము వీధంతా బెల్లం పంచాం.

కొత్త ధాన్యం రావడానికి రెండు రోజుల ముందు, మిల్లుకు లారీలన్నీ సరిచూడటానికి ఒక ఇనస్పెక్టరు వచ్చాడు. బర్మా మనిషి, లుంగీ మీద కోటు, చేతిలో పుస్తకం. దీపాలు చూశాడు, రెండు బ్రేకులు చూశాడు, కొత్త హారను నొక్కి తానే ఉలిక్కిపడ్డాడు. చివరికి లారీని కాటా ఎక్కించమన్నాడు. పక్కన రాసిన అంకెకన్నా తొంభై ఏడు వీశెలు తక్కువొచ్చింది.

ఇంకోసారి తూయించాడు. తొంభై ఏడే. ఇంజను భాగాలు ఏవో విప్పి అమ్ముకున్నారా, లేక ఈ నంబరు పలక ఇంకో లారీకి తగిలించారా అని హిందుస్తానీలో మెత్తగా అడిగాడు. మర్నాడు పది గంటలకు జవాబు చెప్పమన్నాడు. చెప్పలేకపోతే కాగితం రద్దు.

మేము లారీని ఇంటి ముందుకు తెచ్చి, పోయిన తొంభై ఏడు వీశెల కోసం వెతికాం. బావ నడుం నొప్పిని మరిచి లారీ కిందకి దూరాడు. నేను ఇంజను మూత తీసి లోపలికి చూస్తూ నిలబడ్డాను. అందులో ఏది ఉండాలో తెలిస్తే కదా, ఏది లేదో తెలిసేది. రెండో బ్రేకు బిగించిన మెకానిక్కు మీద అనుమానపడ్డాం. దండు వాళ్ళ మీద అనుమానపడ్డాం. పక్కింటివాడు కొత్త ఇనప పెనం కొన్నాడని అక్క వాడి మీద కూడా అనుమానపడింది. సాయంత్రమైనా బావ కింద నుంచి బయటికి రాలేదు. పిలిస్తే పలకలేదు. వంగి చూస్తే ముఖమంతా నూనె, కళ్ళ నీళ్ళు. నాకు చెడ్డ భయం వేసింది, ఆ మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు అమ్మ బయటికొచ్చి, కొంగు నెత్తి మీదకి లాక్కుని, లారీ వైపు తిరిగింది.

"ఏటే లారీ, ఈలు నీ కడుపులో ఎతుకుతన్నారు గాని, ఆ దినం నీ ఈపు మీద నానెక్కి కూకున్నాను గదా. నువ్వైనా సెప్పవేటి?"

బావ లారీ కింద నుంచి బయటికి పాకాడు. చంకలో పిల్లనెత్తుకుని ఊరంతా వెతికినట్టుందని అక్క అంది. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది, కాని ఇంగ్లీషు వచ్చిన గుమాస్తాను కదా అని ఊరుకున్నాను.

మర్నాడు పదింటికి ఇనస్పెక్టరు ముందు నిలబడి, మా అమ్మ, ఒక బియ్యం బస్తా, ఒక ఉప్పు జాడీ, ఒక గుమ్మడికాయ కలిసి ఖాళీ అని హిందుస్తానీలో వివరించాను. నా జీవితంలో అంత కష్టమైన మాట ఇంకొకటి చెప్పలేదు. ఆయన పుస్తకం మూశాడు. నోటి మాట పనికి రాదు, అవన్నీ ఎక్కించి తూచి చూపించమన్నాడు. బస్తా వచ్చింది, జాడీ వచ్చింది. అమ్మ మిల్లు గేటు దగ్గర ఆగిపోయింది.

అమ్మ చెప్పేది కూడా న్యాయమే. ఆ రోజు లారీని తూచారు, తనను కాదు. ఈ రోజు పదిమంది మగాళ్ళ ముందు తననే తూస్తామంటున్నారు. దేవుడి గుళ్ళో తులాభారం తప్ప ఆడదాన్ని త్రాసెక్కించిన ఇల్లు బాగుపడదంది. గేటు చుట్టూ బస్తాల కూలీలు మూగారు. ఇనస్పెక్టరు గడియారం చూసుకున్నాడు. బావ నడుం మీద చెయ్యి పెట్టుకుని, మూల నిలబెట్టిన ఒక చేతిబండి వైపు చూస్తున్నాడు.

అమ్మ అది చూసింది. కొంగు సరిచేసుకుని, లారీ వైపు కాదు, గోడ వైపు కాదు, నేరుగా బావ ముఖంలోకి చూసింది.

"బాబూ, నన్నెక్కించెయ్. ఆ నడుంతో నువ్వు మల్లా బండి లాగకూడదు."

ఆరేళ్ళలో ఆయనతో అమ్మ అన్న మొదటి మాట అది. బావ పరుగెత్తి ఒక పీట తెచ్చి లారీ వెనక వేసి, ముఖం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం ఇటు చాపి నిలబడ్డాడు. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది.

తూకం ఇంకా అయిదు వీశెలు తక్కువొచ్చింది. గుమ్మడికాయ ఏదని ఇనస్పెక్టరు అడిగాడు. దప్పళం పెట్టుకున్నామని చెప్పాను. అదేమిటన్నాడు. తినేశామన్నాను. ఆయన పుస్తకం అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, తాను మోటారు సైకిలు కొన్నప్పుడు తన తల్లి దానికి కొబ్బరికాయ కట్టిందని, తూకం రోజున ఆ కాయ సంగతి తనకూ గుర్తు రాలేదని చెప్పి, పాత అంకె కొట్టేసి కొత్త అంకె రాశాడు. కూలీలు ఈలలు వేశారు. ఆ ఏటి రవాణా బావకే వచ్చింది.

రంగులేసేవాడు పాత అంకె చెరుపుతుంటే అమ్మకు మాత్రం కష్టం కలిగింది. నన్ను తుడిపేత్తన్నారే అని లారీతో అంది. బావతో మళ్ళీ ఎప్పుడూ నేరుగా మాట్లాడలేదు. ఒక్కసారికి నేమం తప్పితే తప్పింది గాని, అలవాటు చేసుకోకూడదని ఆవిడ లెక్క. బావ మాత్రం మర్నాటి నుంచి రోజూ పొద్దున్న లారీ కదిలే ముందు వెనక పీట వేసేవాడు. అమ్మ ఎక్కి, వీపు తిప్పి కూర్చుని, సందు మలుపు దాకా వెళ్ళేది. అక్కడ బావ దిగి, పీట వేసి, ముఖం అటు తిప్పుకుని చెయ్యి చాపేవాడు. అమ్మ దిగి నడిచి ఇంటికొచ్చేది. బండి ఖాళీగా గడప దాటలేదని తృప్తి. వీధి పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి.

నాలుగేళ్ళకు అమ్మ పోయింది. పదమూడో రోజు దాటాక బావ మళ్ళీ లారీ తీశాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. సందు మలుపు దగ్గర లారీ ఆపాడు. దిగి వెనక్కి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే నేనూ దిగి చూశాను. పీట వేసి, ముఖం అటు తిప్పుకుని, చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.

"ఖాళీయే బావా," అన్నాను.

లారీ గురించి నేను ఆ మాట నిజంగా చెప్పింది అదొక్కసారే. బావ చెయ్యి దించుకుని, పీట తీసి లారీలో పెట్టాడు.