పాలు పొంగిన పరాయి ఇల్లు

ఒకామె నన్ను ఒక ప్రశ్న అడిగి వెళ్లిపోయింది. కనీసం ఆ ప్రశ్న అయినా మిగలాలని ఇది రాస్తున్నాను.

ఇక్కడ గల్ఫ్‌లో, రూవి బస్టాండులో ఎయిర్‌పోర్టు బస్సు కోసం కూర్చున్న కడప ఆమె, ఫ్రెంచి మేడం ఇంట్లో పని మానేసి ఊరికి వెళ్లిపోతోంది. ఫ్రాన్సు పల్లెల్లోని రాతి ఇళ్ల గురించి లైబ్రరీలో చదివానని గొప్పగా చెప్పాను.

"నువ్వు సదివినావు, నేను ఊడ్సినా నాయనా," అని నవ్వింది.

మేడం అక్కడ ఒక పాత ఇల్లు కొని, బాగుచేయిస్తూ, వేసవిలో ఈమెనూ తీసుకెళ్లిందట. అప్పుడే కడపలో, ఈమె జీతంతో కట్టిన ఇంటి గృహప్రవేశం. పాలు తోడికోడలు పొంగించింది.

"మనసాగక ఆ పొద్దు మేడం కొత్త పొయ్యి మీద నేనూ పొంగిచ్చినా. అప్పట్నించి కల్లో ఆ ఇల్లే వస్తాది. ఎవరో మెట్లు దిగొచ్చి, నా ఎనక నిలబడి పాలు సూస్తాంటారు. నా ఇల్లు ఒక్కసారీ రాలే. ఇప్పుడు పోతే, నా ఇల్లు నన్ను రానిస్తాదంటావా?"

అంతలోనే బస్సు వచ్చింది.

"నీ పుస్తకాల్లో ఉండదులే," అంటూ ఎక్కేసింది.

ఇప్పుడు మా రూమ్‌లో పాలు పొంగిన వాసన వస్తే వెనక్కి తిరిగి చూస్తాను.

ఆమె యాసను సరిచూసిన సుబ్బన్నకు, రాసుకోవడానికి కాగితాలిచ్చిన రఫీ భాయ్‌కి కృతజ్ఞతలు. ఆమెకూ చెప్పాలి, పేరు అడగలేదు.