ఆఖరి పడవ కోసం ఆగని వ్యాన్

భావనపాడు తీరంలో చేపలు కొని, ఐసు పెట్టెల్లో వ్యానుకెత్తి విశాఖ పంపడం నా వ్యాపారం. ఆఖరి పడవ ఒడ్డు చేరేదాకా బండి కదలకూడదన్నది అక్కడి కట్టుబాటు. రోజూ ఆలస్యమై సరుకు ధర పడిపోతోందని, రెండేళ్ళ కిందట నేను పొద్దున ఎనిమిదికల్లా బండి తీయాలని నియమం పెట్టాను.

మొదటి రోజే నూకరాజు పడవ వెనకబడింది. అతని భార్య ఎర్రమ్మ బండికి అడ్డొచ్చి, "పది నిమిషాలాగు బాబూ, అదిగో వస్తన్నాది" అంది. నేను ఆగలేదు. వాళ్ళ చేపలు ఎండకు పాడయ్యాయి.

మర్నాడు ఎనిమిదైంది. నూకరాజు పడవ తప్ప అన్నీ వచ్చాయి. గంపలు నిండుగా ఉన్నా ఒక్కరూ బండి దగ్గరికి రాలేదు. ఐసు కరిగి నీరు కారిపోతోంది. గడియారం చూసుకుంటూ ఇసుకలో అటూ ఇటూ తిరిగాను.

"ఏటి బాబూ, కాలుగాలిన పిల్లిలా తిరుగుతన్నావు? కూకో" అంటూ ఎర్రమ్మే గంప బోర్లించి చూపింది. "మా ఆయనొచ్చీదాకా ఎవులూ గంపెత్తరు."

తొమ్మిదిన్నరకు ఆ పడవ వచ్చింది. మొదటి గంప నూకరాజుదే. నేనే మోసి బండెక్కించాను. క్షమించమని మాత్రం ఈనాటికీ అనలేదు.

ఇప్పుడు పెద్ద బండి ఎనిమిదికే వెళ్ళిపోతుంది. ఆ తర్వాత వచ్చే పడవల కోసం చిన్న బండి ఒకటి పెట్టాను. దాన్ని నేనే తోలుతాను. ఆఖరి పడవ వచ్చేదాకా ఒడ్డునే కూర్చుంటాను.