బేబమ్మ ప్రార్థన చీటీ

పాలకొల్లు నుంచి నరసాపురం పోయే దారిలో, కాలవ పక్కన దిగి రొయ్యల పచ్చడి బేబమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. ప్రార్థన బేబమ్మ ఇల్లెక్కడని అడిగితే ముందు నవ్వి, తర్వాత చెబుతారు. ఇద్దరూ ఒకరే. యాభై ఎనిమిదేళ్ళు వచ్చి, ఇద్దరు మనవరాళ్ళను ఎత్తుకున్నా ఆవిడ పేరు బేబీయే. ఆ చివరి 'అమ్మ' ఊరివాళ్ళు గౌరవంగా తగిలించింది.

పచ్చడిలో ఆవిడకి ఎదురులేదు. ప్రార్థనలోనూ ఎదురులేదు గానీ, అది వేరే సంగతి. లేచి నిలబడి "మహోన్నతుడవైన తండ్రీ" అని మొదలుపెట్టిందంటే, ఆదాము దగ్గర బయలుదేరి, ప్రపంచ దేశాలన్నీ చుట్టి, రాష్ట్రం, జిల్లా, మండలం దాటుకుని ఊళ్ళోకి వచ్చేసరికి అరగంట పట్టేది. చివరికి "అందరినీ దీవించు, అన్నీ దయచేయి" అని ముగించేది. చర్చిలో మాతోపాటు ఉండే లోకనాథ్ కొత్తింటి ప్రార్థన రోజున ఆవిడ ఇంకా మండలంలో ఉండగానే బిర్యానీ చల్లారిపోయింది. ఆ మాట లోకనాథ్ ఇప్పటికీ మరిచిపోలేదు, మనల్నీ మరిచిపోనివ్వడు.

ఆ రోజే పాస్టరు ప్రసన్నకుమార్ గారి భార్య, అందరూ పాస్టరమ్మగారు అని పిలిచే ఆవిడ, చల్లారిన బిర్యానీ తింటూ మెల్లగా అడిగింది.

"బేబీ గారూ, ఇందాక చాలాసేపు అడిగారు కదండీ. అందులో ఏది జరిగిందో, ఏది జరగలేదో మీకెలా తెలుస్తుందండి?"

బేబమ్మ ముద్ద ప్లేటులో పెట్టేసి ఆలోచించింది. నలభై ఏళ్ళుగా ప్రార్థన చేస్తోంది. ఫలానాది అడిగాను, ఫలానా రోజున దొరికింది అని చెప్పుకోవడానికి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"గున్నేశ్వరరావు గారి కిరాణా కొట్టుకెళ్ళి అన్నీ ఇవ్వండి అంటారా? చీటీ రాసుకెళతారు కదా. ఇదీ అంతేనండి. మూడే మూడు రాయండి. ఎవరికి, ఏం కావాలి, ఎప్పటికి. రోజూ పొద్దున్నే అది చూసి అడగండి" అంది పాస్టరమ్మగారు.

కొట్టు చీటీ అనేసరికి బేబమ్మకి ఇట్టే అర్థమైంది. మర్నాడు పొయ్యి వెలిగించకముందే సరుకులు రాసే నోటుబుక్కులో కాగితం చింపి కూర్చుంది. మొదటిది చేతికి అలవోకగా వచ్చింది. 'ఒకటి. ఐజాక్ ఖైనీ మానాలి. ఈ నెలలో.' ఐజాక్ ఆవిడ మొగుడు, ఆటో నడుపుతాడు. మానేశానని నాలుగుసార్లు ఒట్టు పెట్టినవాడు. 'రెండు. కొట్టు గున్నేశ్వరరావు గారి మోకాలు. పద్దెనిమిదిన రాజమండ్రిలో ఆపరేషన్.' మూడో నంబరు వేశాక పెన్ను ఆగింది.

పెద్దింట్లమ్మ రోజూ తెల్లారేసరికి నరసాపురం నుంచి రొయ్యలు తెచ్చి అమ్మే మనిషి. ఇరవై ఏళ్ళుగా బేబమ్మ పచ్చడికి రొయ్యలు ఆవిడవే. ఇద్దరూ అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుచుకుంటూ ఊరందరి సంగతులూ ఒలిచేవారు. ఏడు నెలల కిందట పచ్చడి కొనడానికొచ్చిన నలుగురి ముందు బేబమ్మ వాసన పీల్చి, మూతి విరిచి, "ఇవి నిన్నటి రొయ్యలే" అనేసింది. చేపలమ్ముకునే మనిషికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు. పెద్దింట్లమ్మ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ అరుగు ఎక్కలేదు. ఆవిడ లేక బేబమ్మకి పొద్దు గడవడం లేదు. ఒక్కతే కూర్చుని రొయ్యలు ఒలుస్తుంటే ఏడుపొచ్చిన రోజులున్నాయి.

'మూడు. పెద్దింట్లమ్మ మనసు మార్చు. క్రిస్మస్‌లోపు' అని రాసింది.

రెండు వారాలు ఆ చీటీతోనే ప్రార్థన సాగింది. పది నిమిషాల్లో అయిపోయేది. అడిగినదాని సంగతి తెలుసుకోవాలి కాబట్టి, కొట్టుకెళ్ళినప్పుడల్లా "మోకాలు ఎలా ఉందండి?" అని అడగడం మొదలుపెట్టింది. ఐజాక్ చొక్కా జేబు తడిమి చూడడం కూడా మొదలుపెట్టింది. మూడో నంబరు దగ్గరకొచ్చేసరికి మాత్రం, ఎందుకో, గబగబా చదివేసి ఆమెన్ అనేసేది.

ఒక శుక్రవారం చర్చిలో స్త్రీల ఉపవాస ప్రార్థన. పొద్దున్నే సరుకుల చీటీ రాసి, మడిచి, ఐజాక్ చేతికిచ్చి, కొట్టులో ఇచ్చి వెళ్ళమని పంపింది. ప్రార్థన చీటీ మడిచి బైబిల్లో పెట్టుకుంది. పెట్టుకున్నాననుకుంది.

ప్రార్థనలో బేబమ్మ వంతు వచ్చింది. ఆడవాళ్ళంతా అరగంటకి సరిపడా సర్దుకుని కూర్చున్నారు. బేబమ్మ ధీమాగా చీటీ విప్పి, ఒక కన్ను తెరిచి, గట్టిగా అందుకుంది.

"ప్రభువా, కందిపప్పు రెండు కేజీలు..."

"అవును ప్రభువా!" అన్నారు కళ్ళు మూసుకున్న ఆడవాళ్ళు.

"ఆవపిండి అరకేజీ..."

"స్తోత్రం!"

పాస్టరమ్మగారి భుజాలు కదిలిపోతున్నాయి. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలిసేలోగా బేబమ్మకి సంగతి తట్టింది. ఇది ఇక్కడుంటే అది ఎక్కడున్నట్టు? గున్నేశ్వరరావు గారికి ఒక అలవాటుంది. లోపల సరుకులు కట్టే సత్తియ్యకి వినపడేలా ప్రతి చీటీనీ గొంతెత్తి చదువుతారు.

బేబమ్మ ఆమెన్ కూడా అనకుండా చెప్పులు వేసుకుంది.

"రా బేబమ్మా, రా!" అన్నారు గున్నేశ్వరరావు గారు, కౌంటర్ వెనక నుంచే. "ఈ చీటీలో ఉన్నవేవీ మన కొట్లో దొరకవమ్మా."

"చదివేశారాండీ?"

"చదివేశాకే కదా తెలిసింది! మీ ఐజాక్ ఇక్కడే నిలబడ్డాడు. ఒకటో నంబరు వినగానే ఆటో ఎక్కి పారిపోయాడు. పారిపోతూ జేబులో ఖైనీ పొట్లం ఇదిగో, నా బల్ల మీద పెట్టేశాడు." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "నా మోకాలి గురించి నువ్వు దేవుణ్ణి అడుగుతున్నావని నాకు తెలీదమ్మా. మావాళ్ళే తేదీ మర్చిపోయారు."

"మూడోది కూడా చదివారాండీ?"

ఆయన నవ్వు ఆపేశారు. "చదివాను. అప్పుడు పెద్దింట్లమ్మ ఇక్కడే ఉంది. కొన్న నూనె ప్యాకెట్ వదిలేసి వెళ్ళిపోయింది."

బేబమ్మ ఆ చీటీ తీసుకుని మూడో నంబరు మళ్ళీ చదువుకుంది. 'పెద్దింట్లమ్మ మనసు మార్చు.' ఈసారి గబగబా చదవలేకపోయింది. ఆ రోజు వాసన వచ్చింది రొయ్యల్లోంచి కాదు. తన ఇంట్లో ఫ్రిజ్ అంతకుముందు రాత్రే పాడైపోయి, అందులోని పాత సరుకు కంపు కొట్టింది. ఆ సంగతి బేబమ్మకి ఆ సాయంత్రమే తెలిసింది. ఏడు నెలలుగా తెలుసు. దేవుడికీ తెలుసు. ఆయన దగ్గరకి రోజూ వెళ్ళి, మార్చవలసిన మనసు ఎదుటివాళ్ళదని చెబుతూ వచ్చింది.

"షావుకారు గారూ, ఒకసారి పెన్నివ్వండి" అంది. మూడో నంబరు కొట్టేసి, కింద కొత్తగా రాసింది. చీటీ, పెన్ను, పెద్దింట్లమ్మ నూనె ప్యాకెట్ పట్టుకుని బయలుదేరింది.

పెద్దింట్లమ్మ గుమ్మంలో చేప పొలుసు తీస్తోంది. తలెత్తలేదు.

"నిన్నటి సరుకు కొనని మనుషులు ఇటెందుకొచ్చారో!"

"రొయ్యలు మంచివేనే" అంది బేబమ్మ. "పాడైంది నా ఫ్రిజ్జు. ఆ సాయంత్రమే తెలిసింది. నలుగురి ముందు నిన్నన్నాను కదా, మళ్ళీ నలుగురి ముందు నాది తప్పని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆదివారం చర్చి ముందు అందరికీ నేనే చెప్తాను. నన్ను క్షమించవే."

పెద్దింట్లమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. చాలాసేపు చేతులు కడుక్కుంది. కొంగుతో మొహం కూడా తుడుచుకుంది.

"ఆ చీటీ చదువు. నాకు అక్షరాలు రావుగా."

"పెద్దింట్లమ్మ దగ్గర నిజం చెప్పే ధైర్యం నాకియ్యి. ఈ రోజే."

"అడిగింది వచ్చేసింది కదా. ఇంక కొట్టెయ్యి."

"కొట్టేస్తే చీటీలో నీ పేరు పోద్దే."

"ఆయ్! పోతే ఊరుకుంటానా? వీరబాబు పేరు రాయి. నా కొడుకు మొన్న సముద్రం మీదికి వేటకెళ్ళాడు. క్షేమంగా రావాలని మీ దేవుణ్ణి అడుగు. మా అమ్మవారిని నేను అడుగుతాను."

"ఎప్పటికి?"

"వచ్చే శనివారానికి." పెద్దింట్లమ్మ పీట లాగి బేబమ్మ ముందు వేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. "ఒసే, ఇందాక కొట్లో విన్నాను. మూడో నంబరేంటే నాది? ఆ షావుకారు మోకాలి తర్వాతా నేను?"

బేబమ్మ కొంగులో మొహం దాచుకుని నవ్వింది. చీటీ వెనక్కి తిప్పి, ఒకటో నంబరు వేసి, వీరబాబు పేరు రాసింది.