కాలే పాణీ బంద్

మా అమ్మకు గుజరాతీ గలగలా మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. మేముండే పర్వత్ పాటియాలో మా ఇళ్ల సొసైటీవాళ్లు నోటీసులన్నీ తమ వెబ్‌సైటులో గుజరాతీలోనే పెడతారు. నేను పనికి పోతే ఆమెకు చదివి చెప్పేవాళ్లుండరు. అందుకని ఇంట్లో కంప్యూటర్లో బ్రౌజర్లు మార్చి మార్చి చూశాను. ఒకటి తెరుచుకునేలోపు చాయ్ చల్లారేది. ఇంకోదాంట్లో ప్రకటనలు మీద పడేవి. చివరిది పేజీని దానంతటదే తెలుగులోకి మార్చింది. దాన్నే ఉంచాను.

ఆ సాయంత్రం అమ్మ పైకి చదివింది. "నిన్న నీళ్లు బంద్." వెంటనే కోపమొచ్చింది. "అయిపోయినంక చెప్పుడేంది? సొసైటోళ్లకు పనిలేదా?"

నిజమే అన్నాను. ముందురోజు డ్రమ్ములో పట్టిన నీళ్లతోనే నిన్న గడిచింది, నల్లా తిప్పలేదు. గుజరాతీలో ఉన్న అసలు నోటీసు నేను చూడనేలేదు.

తెల్లారి నల్లా తిప్పితే గాలి వచ్చింది. గుజరాతీలో ‘కాలే’ అంటే నిన్న, రేపు కూడా. బ్రౌజరు నిన్నను ఎంచుకుంది. పక్కింట్లో బిందెడు నీళ్లు అడిగి తెచ్చుకున్నాం.

"ఇంకో బ్రౌజర్ చూస్తా" అన్నాను.

"ఎందుకురా? నాకు గుజరాతీ సమజైతది, అక్షరాలే రావు. గది చదివి వినిపియ్యదా?"

వినిపిస్తుంది. ఆ బటన్ అందులోనే ఉంది. నాకే తట్టలేదు.

మళ్లీ నోటీసు వచ్చిన రోజు అనువాదం ఆపేసి ఆ బటన్ నొక్కాను. "కాలే పాణీ..." అని మొదలుపెట్టింది ఆ గొంతు. అది ‘బంద్’ అనేలోపే అమ్మ లేచి నల్లా కింద డ్రమ్ము పెట్టింది.