పేరులేని బటన్లు

నాకు చూపు లేదు. ఫోనే తన తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపిస్తుంది; అది విని పని చేసుకుంటాను. నాలాంటివాళ్లు కూడా వాడుకునేలా యాప్‌లు ఎలా ఉండాలో ఆఫీసుల్లో శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. ప్రెజెంటేషన్లు మదనపల్లెలో మా ఇంట్లోనే తయారు చేసుకుంటాను.

మొన్న ఎండాకాలం పుంగనూరులో ఒక ఆఫీసు సిబ్బందిని కళ్లు మూసుకుని ఫోన్ వాడమన్నాను. హాలంతా నవ్వులే. అయిపోయాక అందరూ టీకి వెళ్లారు. ఒకాయన మాత్రం నా పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

"అమ్మా, నాకు సూపు తగ్గిపోతాండాది. ఈడ ఎవురికీ తెలీదు. ఆ ఫోను మాట్లాడేది నాకూ నేర్పమ్మా," అన్నాడు మెల్లగా.

ఆయన ఫోన్‌లో ఆ సదుపాయం ఆన్ చేయించాను. ఒక మెసేజ్ విని సంతోషపడ్డాడు. తర్వాత రోజూ పని చేసే ఆఫీసు యాప్ తెరిచాడు. ఎక్కడ తాకినా ఫోన్ "బటన్, బటన్" అంటుందే తప్ప ఏ బటనో చెప్పదు. తయారు చేసినవాళ్లు వాటికి పేర్లు పెట్టలేదు.

"వాళ్లే సరిచెయ్యాలప్పా. నేను రాస్తా," అన్నాను.

"అంతవరకు నేనేం సేయాల?"

నా ఫోన్ నంబరు ఇచ్చాను. ఆ వారమే యాప్ తయారు చేసినవాళ్లకు రాశాను. చూస్తామన్నారు. ఏమీ మారలేదు.

తర్వాత కుప్పంలో శిక్షణ మొదలుపెట్టబోతుండగా ఆయన ఫోన్ చేశాడు. పనిలో తప్పులు పడుతున్నాయని సెలవు పెట్టేశాడట.

"కండ్ల సంగతి ఆఫీసులో సెప్పలేదు, ఇంట్లో మాత్రం సెప్పినానమ్మా," అన్నాడు.

లోపల జనం ఎదురుచూస్తున్నారు. నేను వరండాలోనే ఆగి, ఆ యాప్ వాళ్లకు మళ్లీ రాయడం మొదలుపెట్టాను.