ఉప్పు లేని ఉప్మా మీద పరిశోధన

స్పందన డాక్టర్ కావలసిన పిల్ల. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగింది. తండ్రి దామోదర్ కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. స్పందన కాలేజీలో బయాలజీ చదువుతుండగా రెండో ఏడు క్రెడిట్ల కోసం సైకాలజీ వాళ్ళ ప్రయోగం ఒకదానికి కూర్చోవలసి వచ్చింది. దారి మళ్ళింది అక్కడే.

ప్రయోగం చేస్తున్నామె ఒక కప్పు టీ ఇచ్చి ఎలా ఉందో చెప్పమంది. వేపాకు ఉడకబెట్టిన నీళ్ళలా ఉంది. స్పందన నవ్వుతూ "వెరీ నైస్" అంది. ఇంకో కప్పు కావాలా అంటే వద్దనలేకపోయింది. మూడోదీ తాగింది. అంతా అయ్యాక, అది కావాలనే చేదుగా కాచిన టీ అనీ, నూట పన్నెండు మందిలో రెండో కప్పు తీసుకున్నది నువ్వొక్కదానివేననీ ఆమె చెప్పింది.

"నాన్నా, అది చాలా బ్యాడ్‌గా ఉంది. బట్ నేను త్రీ కప్స్ తాగాను. ఎందుకు?" అని ఇంటికొచ్చి తండ్రిని అడిగింది.

"మొహమాటం అమ్మా అది."

"ఇంగ్లీష్‌లో ఏమంటారు?"

"షైనెస్... కాదు. పొలైట్‌నెస్... అదీ కాదు. ఉండు." భోజనం అయ్యేదాకా ఆలోచించాడు. మర్నాడు ఆఫీస్ నుంచి ఫోన్ చేశాడు. "ఇప్పుడు ఒక మీటింగ్‌లో ఉన్నాను. ఎందుకున్నానో నాకే తెలీదు. రమ్మన్నారు, వచ్చేశాను. ఇదేనమ్మా మొహమాటం!"

స్పందన బయాలజీ వదిలేసి సోషల్ సైకాలజీలో చేరింది. డిగ్రీ అయ్యాక పీహెచ్‌డీకి కూడా మొహమాటాన్నే ఎంచుకుంది. ఆమె గైడ్ ప్రొఫెసర్ హోల్‌గ్రెన్ ఆ మాట పలకలేక వారం తిప్పలు పడి, చివరికి "నీ M టాపిక్" అనడం మొదలుపెట్టింది.

మూడో ఏడు స్పందన మొదటి ప్రయోగం పెట్టింది. ఉప్పు వేయకుండా ఉప్మా చేయాలి. సగం మందికి "నేనే చేశాను" అని చెప్పాలి, మిగిలిన సగానికి "కొనుక్కొచ్చాను" అనాలి. తిన్నాక ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేయించాలి. చేసిన మనిషి ఎదురుగా ఉంటే మార్కులు పెరుగుతాయని ఆమె ఊహ. పక్కవీధి సుబ్బులు ఆంటీ వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టింది. శనివారం మధ్యాహ్నానికి ఆవిడ బేస్‌మెంట్‌లో నలభై మంది తేలారు.

"నేనే చేశాను" అని విన్న ఇరవై మందీ ఏడేసి వేశారు. "కొన్నాను" అని విన్నవాళ్ళలో పంతొమ్మిది మందీ ఏడే వేశారు. ఎందుకని అడిగితే ఒకాయన, "పాపం, నువ్వు డబ్బులు పెట్టి కొన్నావు కదమ్మా" అన్నాడు. ఆ నలభై మంది లెక్కలో లేకపోయినా సుబ్బులు ఆంటీ ఒక కాగితం అడిగి తీసుకుని, ఏడు పక్కన సొంతంగా ఒక గీత గీసి ఎనిమిది వేసింది.

ఒక్క పరంధామయ్య మాత్రం రెండు వేశాడు. కొడుకు దగ్గరే ఉంటున్న పెద్దాయన. పైగా అందరూ వినేలా, "ఇందులో ఉప్పు లేదు తల్లీ" అన్నాడు. కోడలు సిగ్గుతో మెట్ల వైపు నడిచింది.

ప్రయోగం అయ్యాక నిజం చెప్పడం రూలు. "ఆంటీస్, అంకుల్స్, ఉప్పు నేను కావాలనే వేయలేదు" అంది స్పందన. ఎవరూ నమ్మలేదు. "ఫర్వాలేదమ్మా, నేను మొదట్లో టీలో ఉప్పు వేసేదాన్ని" అని ఒకావిడ ఓదార్చింది. మర్నాటికి ఆరుగురు ఉప్మా వీడియోలు పంపారు.

లెక్కలకు కూర్చుంటే అందరివీ ఒకే మార్కులు. తేడా లేనిచోట చెప్పడానికేముంది? "నీ వాళ్ళు స్టాటిస్టిక్స్‌నే ఓడించారు" అని హోల్‌గ్రెన్ కళ్ళద్దాలు తీసి నవ్వింది. స్పందనకు మాత్రం ఏడుపొచ్చింది. మిగిలిన దారి ఆ రెండు మార్కులే. పరంధామయ్య దగ్గరికి వెళ్ళింది.

"తాతగారూ, మీకు మొహమాటం లేదా?"

"ఎందుకు లేదమ్మా! బీపీ అని మా కోడలు పదకొండేళ్ళుగా నాకు ఉప్పు లేకుండా వండుతోంది. నీ ఉప్మాలోనన్నా ఉంటుందని ఎంతో ఆశగా వచ్చాను. బాధలో నోరు జారింది."

స్పందన నోట్‌బుక్ మూసేసింది. ఆయన ఆమె మొహం చూసి జాలిపడ్డాడు.

"నువ్వు అడిగితే ఎవరు బాలేదంటారు? ఆ రోజు చెత్తబుట్ట చూశావా? నాప్‌కిన్ల కింద బోలెడు ఉప్మా. నన్ను నవ్వుతూ తినమంటూనే, మా అబ్బాయే తనది సగం దాచాడు."

స్పందన ఆ సాయంత్రమే వంటింటి తూకం ఒకటి ఆర్డర్ చేసింది. రెండోసారి వేరే ఊళ్ళో కొత్తవాళ్ళను పిలిచింది. అందరూ మళ్ళీ ఏడేసి వేశారు. ఆమె ఆ కాగితాల వంక చూడనైనా లేదు. అందరూ బయట కార్ల దగ్గర కబుర్లలో పడ్డాక గ్లవ్స్ తొడుక్కుని, పేరు రాసిన ఒక్కొక్క ప్లేటు మీద నాప్‌కిన్ ఎత్తి, మిగిలింది తూచింది. కొన్నదని విన్నవాళ్ళు సగటున వంద గ్రాములు వదిలేశారు. నేనే చేశానని విన్నవాళ్ళు తొమ్మిది. తేడా పగటి వెలుగులా కనిపించింది. ఆమె చెత్తబుట్ట ముందు గ్లవ్స్‌తోనే గంతులేసింది.

వచ్చినవాళ్ళలో గీతాంజలి అనే ఆంటీ ప్లేటు మాత్రం కడిగినట్టుంది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నది ఆవిడే. స్పందన ఉండబట్టలేక కార్ దాకా పరిగెత్తింది.

"ఆంటీ, నిజంగా నచ్చిందా? ట్రూత్ చెప్పండి, ప్లీజ్."

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "చచ్చే చావుగా ఉందమ్మా. ఎవరితోనూ అనకు." సీట్‌బెల్ట్ పెట్టుకుని, అద్దం దించి, "వచ్చే వారం కూడా ఉందా? రమ్మంటే వస్తాను" అంది.