ఎర్ర తువ్వాలు ఎత్తని సాయంత్రం

ఆమధ్య బోగోలులో క్షవరానికి కూర్చున్నాను. నా తలకిప్పుడు క్షవరం అనడం మర్యాద కోసమే, షాపాయన కత్తెర కన్నా జాలి ఎక్కువ వాడతాడు. ఎదురుగా టీవీలో ఏదో దేశపు ఫుట్‌బాల్ ఆట నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. బంతి ఉంది, ఆటగాళ్లున్నారు, వెలుతురుంది. అయినా రిఫరీ అందర్నీ నిలబెట్టేశాడు. జనంలో కొందరు ఒక ఆటగాణ్ణి పుట్టుక పట్టుకుని తిట్టారట, ఇంకోసారి వినపడితే క్లబ్బుకే శిక్ష అని మైకులో చదివారు. షాపాయన దువ్వెన గాల్లోనే ఆపి, "ఇదేంది సార్, అరిసింది జనం, శిక్ష క్లబ్బుకా? మన కాడ ఈ రూలు పెడితే ఒక్క ఆటన్నా అయిపోద్దా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ అద్దంలో అది నవ్వులా కనపడలేదు. మన దగ్గరా ఆ రూలు పెట్టారయ్యా, రాసింది ఈ చెయ్యే అని చెప్పలేక తల వంచుకున్నాను. క్షవరంలో తల వంచితే కారణం ఎవరూ అడగరు, అదొక సుఖం.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా వైపు ఊళ్లలో వాలీబాలే గాని ఫుట్‌బాల్ అంటే వింత. మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు ఎక్కడి నుంచో ఒక బంతి తెచ్చి ఆ వింతను మాకు అంటించారు. కోతలయ్యాక ఎండిన మా పెదనాయన మాగాణిలో కొయ్యకాళ్లు పీకి, వెదురు బొంగులు పాతి, క్లబ్బు పెట్టుకున్నాం. నాకు అప్పుడే పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నా రెండు కాళ్లకూ ఒకదానితో ఒకదానికి ఎప్పుడూ పడేది కాదు కాబట్టి ఆటలోకి తీసుకోలేదు. దస్తూరీ బాగుంటుందని సెక్రటరీని చేశారు. ముందు వరసలో పరుగెత్తేవాళ్లు జువ్వలదిన్నె వైపు సముద్రం మీద వేటకు పోయే పల్లెకారుల కుర్రాళ్లు, ఇసకలో పెరిగిన కాళ్లు కదా, గట్టి నేల మీద వాళ్లను పట్టేవాడు లేడు. వెనక కాచేవాళ్లు మా రైతుల పిల్లలు. గోల్లో నిలబడేది మాత్రం మా ఊరి టీచరమ్మగారి తమ్ముడు. ఆదివారం పొద్దున చర్చిలో పాట, సాయంత్రం మా పొలంలో ఆట, అదీ అతని వారం. మేం గోలీ అనేవాళ్లం. సోడాబుడ్డి మూతికి గోలీ ఎలా అడ్డం పడుతుందో మా గోలుకు అతనలా అడ్డం పడేవాడు.

ఆట చూసే జనం గట్టు మీద కూర్చునేవాళ్లు. గోల్ కన్నా గోల ఎక్కువ. బంతి ఆపినంతసేపూ అతను మా వాడు. ఒక్కటి జారిందంటే చాలు, గట్టు మీద నుంచి అతని కులం, అతని పేట, అతని దేవుడు వరసగా బయటికొచ్చేవి. ఎదుటి జట్టు వాళ్లు కాదు, మా వాళ్లే. ఆ మాటలు ఇక్కడ రాయను. అందరికంటే పెద్ద గొంతు మా పెదనాయనది. ఆయన చెడ్డవాడంటే నేనొప్పుకోను. ఆటగాళ్లకు కడవలతో మజ్జిగ మోయించేవాడు, గోలీ మోకాలు కొట్టుకుపోతే తన బండిలో కావలి ఆసుపత్రికి తీసుకుపోయినవాడు కూడా ఆయనే. ఒకసారి నేను నసుగుతూ అడిగితే, "నోటికి అలవాటబ్బయా, మనసులో ఏం లేదు" అన్నాడు. అది నేను ఊరడింపుగా గోలీకి చేరవేశాను. అతను చేతులకు చుట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ, "మనసులో లేంది నోట్లోకి ఎట్టొచ్చిందన్నా?" అన్నాడు. ఇక ఆడనన్నాడు. అతను లేకుంటే మేమూ రామని పల్లెకారుల కుర్రాళ్లు తేల్చి చెప్పారు.

అప్పుడు డ్రిల్లు మాస్టారు రూలు పెట్టారు. మా గట్టు మీద నుంచి కులం పేరుతోనో దేవుడి పేరుతోనో ఒక్క తిట్టు వినపడినా మేమే మాకొక గోలు వేసుకోవాలి. వినేది సెక్రటరీ, వినగానే ఎర్ర తువ్వాలు ఊపాలి. నేను దాన్ని రిజిస్టరులో అందంగా రాసి ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించాను. ఒక్కరూ కాదనలేదు, ఎందుకంటే అది పక్కవాడి నోటి కోసం పెట్టిందని ఎవరికి వారే అనుకున్నారు. మొదటి సంతకం పెదనాయనదే. చివర ఎవరు వెయ్యాలి ఆ గోలు అన్న దగ్గర నా కలం ఆగలేదు, గోల్‌కీపరే బంతి తీసుకెళ్లి గీత దాటించాలని రాసేసింది. బంతి అతని చేతుల్లోనే ఉంటుంది కదా, సులువని. తిట్టు పడ్డవాడే దానికి శిక్ష కూడా మొయ్యాలన్న రూలు రాసి, గొప్ప న్యాయం చేశానని సంతోషించినవాణ్ణి నేను. గోలీ చదివి, "నేనే పెట్టాలా అన్నా?" అని ఒక్కటే అడిగాడు. "రూలు గదా" అన్నాను.

ఆ వేసవి మా పొలంలోనే కప్పు పోటీలు పెట్టాం. మొదటి ఆటలో ఒక కుర్రవాడు నోరు జారాడు, నేను తువ్వాలు ఊపాను, గోలీ బంతిని పెట్టివచ్చాడు, అయినా మేం గెలిచాం. ఆ తర్వాత రెండు ఆటలు గట్టు మీద నోళ్లు అదుపులో ఉన్నాయి. లోకాన్ని ఒక తువ్వాలుతో తుడిచేశానని నా నమ్మకం.

ఫైనలుకు మనుబోలు వైపు నుంచి జట్టు వచ్చింది, రిఫరీ నెల్లూరు నుంచి వచ్చాడు. చెరొక గోలు, ఇక అయిదు నిమిషాలే ఉంది. ఒక బంతి గోలీ చేతుల్లోంచి జారింది. వెంటనే మీదపడి పట్టుకున్నాడు, గోలు కాలేదు. కానీ ఆ జారిన క్షణంలోనే నా పక్క నుంచి ఆ మాట వచ్చింది. కులమూ దేవుడూ రెండూ కలిసి వచ్చాయి. పెదనాయన గొంతు. ఆయనకు తను అన్నట్టు తెలిసిందో లేదో కూడా నాకు తెలియదు, ఆయన కళ్లు బంతి మీదే ఉన్నాయి. గోలీ కళ్లు నా మీద ఉన్నాయి.

తువ్వాలు నా భుజం మీదే ఉంది. ఊపితే కప్పు పోతుంది. ఊరి ముందు పెదనాయన తల వంగుతుంది. మర్నాటికి ఈ పొలం మాది కాదు, క్లబ్బూ ఉండదు. ఇవన్నీ అప్పుడే ఆలోచించానని ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ అప్పుడు నేను చేసింది ఒక్కటే, బూటు తాడు కట్టుకోవడానికన్నట్టు వంగాను. నా కాళ్లకున్నవి హవాయి చెప్పులు.

వంగి ఎంతసేపున్నానో తెలియదు. లేచేసరికి బంతి ఇంకా గోలీ చేతుల్లోనే ఉంది. గోలీ వెనక్కి తిరిగి, రెండడుగులు వేసి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బంతిని గీతకు అవతల పెట్టాడు. రిఫరీకి మా రూలుతో పనేముంది, గోలు అని ఈల వేశాడు. గోలీ చొక్కా విప్పి, వెదురు బొంగుకు తగిలించి, పొలం గట్టున నడుచుకుంటూ పేట వైపు వెళ్లిపోయాడు. మాట తప్పనివాడు ఆ రోజు ఊరంతటిలో అతనొక్కడే. అతన్నే అమ్ముడుపోయాడన్నారు.

మర్నాడు పెదనాయన వసారాలో కమిటీ కూర్చుంది. డ్రిల్లు మాస్టారు నావైపు తిరిగి, "నువ్వు ఆయన పక్కనే ఉంటివి గదరా. వినపడిందా లేదా?" అన్నారు. పెదనాయన తమలపాకు ఈనె తీస్తూ నా ముఖం చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, భయముంది. నిజంగా అన్నానా అబ్బయా అని అడుగుతున్నట్టుంది. నేను, "గాలి ఎక్కువగా ఉండింది సార్, వినపళ్లేదు" అన్నాను. కావాలని సొంత గోల్లో బంతి వేసినందుకు గోల్‌కీపరును క్లబ్బు నుంచి తీసివేయడమైనది అని నా చేతే, నా అందమైన దస్తూరీతోనే రాయించారు. మాస్టారు సంతకం పెట్టకుండా లేచి వెళ్లిపోయారు. మరుసటి వేసవికి పల్లెకారుల కుర్రాళ్లు రాలేదు. అబద్ధమాడి నేను కాపాడిన ఆ పొలాన్ని ఇంకో మూడేళ్లకు పెదనాయనే రొయ్యల గుంట చేయించాడు.

టీవీలో ఆ ఆట చూసిన వారంలోనే, టీచరమ్మగారి చిరునామా పట్టుకుని, ఆమెను అడిగి, నెల్లూరులో ఉన్న గోలీ దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లూ నోట్లో తిప్పుకున్న వాక్యం వాకిట్లోనే అప్పజెప్పేశాను. "ఆ రోజు నాకు వినపడింది."

"తెలుసు" అన్నాడు. "మీరు వంగినారు గదా. వినపడనోడు ఎందుకు వంగుతాడు?"

కాఫీ ఇచ్చారు, తాగాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మనవరాలు ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడుతోందట, మంచి ఫార్వర్డట. ఆట బాగుంటుందా అని అడిగాను. "నేను చూళ్లేదు. దిగబెట్టి గేటు బయట కూర్చుంటా. లోపలికి పోను. ఆ గోలలో ఎప్పుడేం వినపడద్దో అని చెవులు ఆ పక్కనే ఉంటాయి" అన్నాడు. ఆ పాపకు తాత ఒకప్పుడు గోల్లో నిలబడ్డాడనే తెలియదు.

మొన్న ఆదివారం నేనూ వెళ్లి ఆ గేటు బయట సిమెంటు దిమ్మె మీద ఆయన పక్కన కూర్చున్నాను. లోపల పచ్చగడ్డి ఉంది, వలలున్నాయి, ఆడపిల్లలు బూట్లు వేసుకుని ఆడుతున్నారు. మన రోజుల్లో ఇవేవీ లేవు, చూసి సంతోషించాల్సిందే. కానీ లోపల జనం ఒక్కసారిగా అరిచినప్పుడల్లా ఆయన చెయ్యి దిమ్మె అంచును పట్టుకుంటోంది, అరుపు ఉత్త అరుపేనని తెలిశాక వదులుతోంది. ఆ మాట ఎప్పుడైనా వినపడితే నేనేం చేస్తాను? లేచి లోపలికి పోయి ఆట ఆపమంటానా? ప్రమాణం చేసి చెప్పలేను. ఒక్కటి మాత్రం ఖాయం, ఇప్పుడు నా మోకాళ్లు వంగవు. ఇన్నేళ్లలో నాలో వచ్చిన మార్పు అదొక్కటే.